జటాయువును ఎగరేయాలంటే – తాడు, బరువు, భద్రత



పోయిన నెల మన హాస్టల్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఈసారి వార్షికోత్సవానికి సీతాపహరణం ఏస్తున్నం. జటాయువు పైనుంచి ఎగురుకుంట వచ్చి రావణుని మీద పడాలె. తాడు ఎట్ల కట్టాలె? మీరు ఫిజిక్స్ చదివిండ్రు గదా" అని అడిగాడు.

ఆ మాట వినగానే మా చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే ఇదే హాస్టల్‌లో, ఇదే నాటకంలో, ఇదే జటాయువును ఎగరేసినవాళ్ళం మేము. ఒక తమ్ముడి చెయ్యి విరగగొట్టినవాళ్ళం కూడా మేమే. అప్పుడు మేము పదో తరగతి. ఇప్పుడు ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నాం. అమ్మానాన్నలు మిర్చి కోతకు, పత్తి ఏరడానికి పోయే ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ చదువు వల్ల ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడు లెక్క కట్టి చెప్పగలం. ఫోన్‌లో రెండు మాటల్లో చెప్పే సంగతి కాదు కనుక సంచికలో పాఠంలా రాస్తున్నాం. దయచేసి చివరి వరకు చదవండి.

మనకు జటాయువే ఎందుకు?

మన ప్రాంతపు పిల్లలకు జటాయువు పుస్తకంలోని పక్షి కాదు, పక్క ఊరి పక్షి. భద్రాచలం పక్కనున్న ఏటపాకలోనే జటాయువు రావణుడితో పోరాడి నేల కూలాడని, జటాయుపాకే నోళ్ళలో నలిగి ఏటపాక అయిందని పెద్దలు చెబుతారు. 2014లో ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది గానీ కథ మాత్రం ఇద్దరికీ ఉమ్మడిదే. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలకు పోతే, అక్కడి గుట్ట మీద రావణుడి రథం జాడలున్నాయని చూపిస్తారు. ఇవన్నీ వింటూ పెరిగినవాళ్ళకు సీతాపహరణం వేయాలనిపించడం సహజం. వేస్తే జటాయువు ఎగరాలనిపించడం కూడా సహజమే. తప్పు కోరికలో లేదు, మేము కట్టిన తాడులో ఉంది.

ఈ కోరిక ఎంత పాతది?

నటుణ్ణి గాలిలోకి లేపడం రెండువేల నాలుగువందల ఏళ్ళకు పైబడిన విద్య. ప్రాచీన గ్రీసులో దేవతల పాత్రలను పైనుంచి దించడానికి 'మెకానె' అనే కొయ్య క్రేను వాడేవారు. క్రీ.పూ. 421లో ఆడిన అరిస్టోఫేనిస్ హాస్యనాటకం 'శాంతి'లో ఒక రైతు పెద్ద పేడపురుగు మీదెక్కి దేవలోకానికి ఎగురుతాడు. మధ్యలో భయపడిపోయి, క్రేను నడిపేవాణ్ణి నన్ను జాగ్రత్తగా చూసుకొమ్మని బతిమాలుకుంటాడు. జనం నవ్వి ఉంటారు. కాని ఆ నటుడి భయం మాత్రం నిజమైనదే అయి ఉంటుందని మా అనుమానం.

1904లో లండన్‌లో 'పీటర్ పాన్' నాటకం మొదలైనప్పుడు పిల్లల పాత్రలు సన్నని ఉక్కు తీగల మీద ఎగిరాయి. ఆ పని జార్జి కిర్బీ అనే నిపుణుడిది. 1950లో అదే నాటకం కోసం పీటర్ ఫోయ్ అనే ఆయన అమెరికా వెళ్ళాడు. 1957లో ఈ పని కోసమే ఒక సంస్థ పెట్టాడు. దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? మనుషులను ఎగరేయడం నాటకం వేసేవాళ్ళు పక్కపనిగా చేసేది కాదు. అదొక ప్రత్యేక వృత్తి.

మన సురభి

ఇక మన తెలుగువాళ్ళ సంగతి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ' ఆడించారు. సురభి నాటక సమాజం పుట్టింది అక్కడే. ఒకప్పుడు ముప్పైకి పైగా సురభి సమాజాలు ఊరూరా తిరిగేవి. తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాల ఆడపడుచే. 1937లో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని చాలా కాలం నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి (అందరూ బాబ్జీ గారంటారు) 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. హైదరాబాదు శేరిలింగంపల్లిలో సురభి కుటుంబాల కాలనీ ఉంది.

సురభి 'మాయాబజార్' చూసినవాళ్ళకు నారదుడు మబ్బుల్లోంచి దిగడం, బాణాలు గాలిలో ఎదురుబొదురుగా వచ్చి ఢీకొనడం, రంగస్థలం మీద వాన కురవడం గుర్తుండిపోతాయి. అవన్నీ పెద్ద యంత్రాలేమీ లేకుండా తాళ్ళు, తీగలు, కప్పీలు, మనుషుల చేతులతో చేసేవే. అది చూసి "వాళ్ళు చేస్తే మనమెందుకు చేయలేం?" అనిపిస్తుంది. మాకూ అనిపించింది. అప్పుడు మాకు కనబడనిది ఒకటుంది. సురభి పిల్లలు రంగస్థలం మీదే పుట్టి పెరుగుతారు. ఈ రోజు వేషం కట్టినవాడు రేపు తెర వెనక తాడు పడతాడు. ఆ తాడు ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి చేతుల ద్వారా వచ్చిన చదువు. నూట నలభై ఏళ్ళ అభ్యాసాన్ని మేము ఒక ఆదివారం మధ్యాహ్నంలో నేర్చేసుకున్నామనుకున్నాం.

ఆ రోజు మేము చేసింది

హాస్టల్ ముందు పందిరి వేశారు. స్తంభాలు జామాయిలు కర్రలు. ఎదురెదురుగా ఉన్న రెండు కర్రలకు అడ్డంగా ఒక నైలాన్ తాడు కట్టాం. రెండు కర్రల మధ్య దూరం సుమారు 4 మీటర్లు. తాడు మధ్యలో పాత బావి గిలక ఒకటి వేలాడదీశాం. గిలక మీదుగా ఇంకో తాడు వేసి, ఒక కొస జటాయువు నడుముకు చుట్టిన పంచెకు కట్టాం. రెండో కొస తెర వెనక మేము ముగ్గురం పట్టుకున్నాం. జటాయువు ఏడో తరగతి తమ్ముడు. బక్కగా ఉంటాడని వాణ్ణి ఎంచుకున్నాం. అట్ట రెక్కలు, కిరీటంతో కలిపి 40 కిలోలు ఉంటాడనుకోండి.

మధ్యాహ్నం రిహార్సల్ చేశాం. తాడు బాగా కుంగింది. తమ్ముడి కాళ్ళు నేలకు తగులుతున్నాయి. "తాడు వదులైంది, ఇంకా బిగించాలె" అనుకున్నాం. నలుగురం వేలాడి, అడ్డతాడును వీణతీగలా బిగించి కట్టాం. ఎంత బాగా బిగించామో అని మురిసిపోయాం కూడా.

సాయంత్రం నాటకం మొదలైంది. జటాయువు పైకి లేచాడు. జనం ఈలలు వేశారు. వాడు రావణుడి వైపు ఊగాడు. అప్పుడే కర్ర దగ్గర ముడి పక్కన అడ్డతాడు తెగింది. ఆరడుగుల ఎత్తు నుంచి వాడు చెయ్యి ఆనించి పడ్డాడు.

కథలో జటాయువు పడాలి కదా. అందుకని జనమంతా చప్పట్లు కొట్టారు. వాడు "అన్నా, అన్నా" అని ఏడుస్తుంటే ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నారు. రావణుడి వేషగాడు కత్తి కింద పడేసి పరుగెత్తేవరకు చప్పట్లు ఆగలేదు. ఆ చప్పట్లు ఇప్పటికీ మా చెవుల్లో ఉన్నాయి.

వాడి మణికట్టు విరిగింది. ప్లేటు వేశారు. రెండు నెలలు పెన్ను పట్టలేకపోయాడు.

అసలు విషయం: 40 కిలోలు 400 ఎలా అయింది?

"ఆ తాడుకు మేము ముగ్గురం వేలాడినా తెగలేదు, బక్క పిల్లవాడికి ఎలా తెగింది?" అని అప్పుడు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. డిగ్రీలో బలాల త్రిభుజం చదివాక అర్థమైంది. ఇప్పుడు మెట్టు మెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టు – గిలక. గిలక ఒక వైపు 40 కిలోల తమ్ముడున్నాడు. వాడు గాలిలో నిలవాలంటే రెండో వైపు మేము కూడా 40 కిలోల బలంతో కిందికి లాగాలి. అంటే గిలక మీద పడే బరువు 40 కాదు, 40 + 40 = 80 కిలోలు. గిలకను దేనికి వేలాడదీశామో దాని మీద రెట్టింపు భారం పడుతుందన్నమాట. ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క. మాకు మాత్రం తట్టలేదు.

రెండో మెట్టు – అడ్డతాడు. బట్టలారేసే తీగ మధ్యలో తడి దుప్పటి వేయండి. తీగ కుంగుతుంది. ఆ కుంగే తీగకు బలం. దుప్పటిని పైకి లాగి పట్టేది తాడులోని ఏటవాలు లాగుడే. తాడు బాగా ఏటవాలుగా ఉంటే కొద్ది లాగుడుతో పని అవుతుంది. తాడు దాదాపు అడ్డంగా ఉంటే, అంతే బరువును పైకి పట్టడానికి ఎన్నో రెట్లు లాగాల్సి వస్తుంది. సూత్రం ఇది: తాడు సగం పొడవును కుంగుకు రెట్టింపుతో భాగించి, వచ్చినదాన్ని వేలాడే బరువుతో గుణిస్తే తాడులోని లాగుడు వస్తుంది.

మా పందిరిలో వేలాడే బరువు 80 కిలోలు, కర్రల మధ్య దూరం 4 మీటర్లు. అప్పుడు –

కుంగు 1 మీటరు ఉంటే, తాడులో లాగుడు సుమారు 90 కిలోలు
కుంగు 60 సెంటీమీటర్లు ఉంటే, సుమారు 140 కిలోలు
కుంగు 20 సెంటీమీటర్లు ఉంటే, సుమారు 400 కిలోలు
కుంగు 10 సెంటీమీటర్లు ఉంటే, సుమారు 800 కిలోలు

రిహార్సల్లో తాడు రెండడుగులు కుంగింది. అది మంచి తాడని చెప్పడానికి గుర్తు. మేము దాన్ని తప్పనుకున్నాం. సాయంత్రం బిగించాక కుంగు ఒక జానెడు మాత్రమే. 40 కిలోల పిల్లవాడు 400 కిలోల లాగుడు అయ్యాడు. తాడును గట్టి చేస్తున్నామనుకుని మా చేతులతో మేమే తెంపాం.

మూడో మెట్టు – ఊపు. ఉయ్యాల ఊగేవాడి బరువు కింది భాగానికి వచ్చినప్పుడు పెరుగుతుంది. నిలువు గీత నుంచి 60 డిగ్రీల దూరం లాగి వదిలితే కిందికి వచ్చేసరికి తాడు మీద లాగుడు బరువుకు రెండింతలు. 90 డిగ్రీల నుంచి వదిలితే మూడింతలు. జటాయువు అంత ఊగలేదు గానీ, ఊగిన కొద్దీ పై లెక్కకు ఇంకా కలిసింది.

నాలుగో మెట్టు – ముడి, ఎండ. ఏ తాడైనా ముడి దగ్గర బలహీనపడుతుంది. వంపు తిరిగిన చోట బయటి పోగుల మీదే భారమంతా పడుతుంది కాబట్టి. మామూలు ముడి వేస్తే తాడు బలంలో దాదాపు సగం పోయిందనే అనుకోవాలి. పైగా మా తాడు ఏడాది పొడుగునా ఎండలో బట్టలారేసుకున్న తాడు. ఎండలోని అతినీల లోహిత కిరణాలు నైలాన్ పోగులను పెళుసుగా చేస్తాయి. రంగు వెలిసి, పట్టుకుంటే పొడి రాలే తాడు చచ్చిన తాడు. అది కొత్తగా ఉన్నప్పుడు 500 కిలోలు ఆగేదనుకున్నా ముడి వల్ల 250 అయింది. 140 కిలోల రిహార్సల్‌కు ఆగింది, 400 కిలోల నాటకానికి తెగింది. ముడి పక్కనే ఎందుకు తెగిందో కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఐదో మెట్టు – జారి ఆగడం. ఇది మాకు జరగలేదు గానీ తెలుసుకోవాలి. "తెగితే పట్టుకోవడానికి ఇంకో తాడు వదులుగా కడదాం" అని చాలామంది అంటారు. వదులు తాడు మీద మనిషి 1 మీటరు పడి, 10 సెంటీమీటర్ల లోపల ఆగితే, ఆపే బలం సగటున అతని బరువుకు 11 రెట్లు. 40 కిలోలవాడికి 440 కిలోలు. ఆ దెబ్బ నడుముకు తగిలితే తాడు తెగకపోయినా మనిషి బతకడం కష్టం. కాబట్టి రక్షణ తాడు కూడా లెక్క లేకుండా కట్టకూడదు.

ఆరో మెట్టు – నడుము కట్టు. పంచె నడుముకు కట్టి వేలాడదీస్తే బరువంతా కడుపు మీద పడుతుంది. ఊపిరి ఆడదు. పట్టు జారి చంకల్లోకి, మెడలోకి వస్తే ఉరే. నిపుణులు వాడేది భుజాలు, ఛాతీ, తొడలు అన్నింటికీ పట్టీలుండే హార్నెస్. భవన నిర్మాణ కార్మికుల కోసం బజారులో దొరికే బెల్టు పడిపోయేవాణ్ణి ఆపడానికి చేసింది, ఎగిరి నటించడానికి కాదు. ఎంత మంచి హార్నెస్‌లోనైనా మనిషి కదలకుండా వేలాడుతూ ఉంటే కాళ్ళలో రక్తం నిలిచి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అందుకే ఎక్కించే ముందే, ఇబ్బంది వస్తే వెంటనే ఎలా దించాలో సిద్ధం చేసుకుంటారు.

పదింతల నియమం

మనిషిని మోసే తాడు, కొక్కెం, దూలం ఏదైనా సరే, దాని మీద పడే భారానికి కనీసం పదింతలు ఆగేలా ఉండాలన్నది ఇంజనీర్లు విరివిగా పాటించే లెక్క. 400 కిలోల లాగుడు పడే చోట 4000 కిలోలు ఆగే తాడు ఉండాలి. మన పందిరి కర్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. అది నీడనిచ్చే బట్టను మోయడానికి పాతిన కర్ర. పక్కకు 400 కిలోలు లాగితే తాడు తెగకపోయినా కర్రే పెకిలి వచ్చేది.

ఈ జాగ్రత్త మన ఊళ్ళలో లేనిది కాదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మోకు మీద ప్రాణం పెట్టి ఎక్కుతాడు. తన మోకు తనే చూసుకుంటాడు. అయినా ఎందరో పడిపోతున్నారు. అందుకే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రోజూ ఎక్కే చేతులకే రెండో రక్షణ కావాల్సి వస్తే, ఏడాదికొకసారి తాడు పట్టే మనకు ఎంత కావాలో ఆలోచించండి.

పెద్దవాళ్ళకూ జరిగింది

డబ్బు, యంత్రాలు, నిపుణులు ఉన్న చోట కూడా చిన్న లోపం పెద్ద ప్రమాదమైన సందర్భాలు మూడు చెబుతాం.

1999 మే 23న అమెరికాలోని కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే కుస్తీ కళాకారుణ్ణి పైకప్పు నుంచి తాడుతో రింగులోకి దించుతున్నారు. కిందికి రాగానే త్వరగా విడిపోవాలని పెట్టిన కొక్కెం పైననే విడిపోయింది. ఆయన మరణించారు. నీతి: సులువుగా విడిపోయే కొక్కెం మనిషికి పెట్టకూడదు. మరతో బిగుసుకునే కొక్కెమే ఉండాలి.

2010 డిసెంబర్ 20న న్యూయార్క్‌లో 'స్పైడర్‌మ్యాన్' సంగీత నాటకంలో క్రిస్టఫర్ టియర్నీ అనే నటుడు వేదిక అంచు నుంచి కింది గుంటలో పడ్డాడు. అతని వీపుకు తాడు ఉంది. కాని ఆ తాడు రెండో కొస దేనికీ కట్టి లేదు. అతను తీవ్రంగా గాయపడి కోలుకున్నాడు. ఆ తర్వాత, ఒకరు కట్టిన దాన్ని ఇంకొకరు చూసి తీరాలన్న నియమం అక్కడ పెట్టారు. నీతి: కట్టినవాడి కళ్ళు చాలవు. రెండో జత కళ్ళు కావాలి.

2013 జూన్ 29న లాస్ వెగాస్‌లో ఒక పెద్ద సర్కస్ ప్రదర్శనలో కళాకారిణి వేగంగా పైకి వెళ్తుండగా ఉక్కు తీగ కప్పీ గాడిలోంచి తప్పుకుని తెగింది. ఆమె మరణించారు. నీతి: కప్పీ గాడిలోంచి తాడు బయటికి రాకుండా అడ్డు ఉండాలి. మా బావి గిలకకు అలాంటి అడ్డేమీ లేదు.

మరి మనం ఏం చేయాలి?

మొదటి నియమం, చివరి నియమం ఒక్కటే. ఈ పనిలో శిక్షణ పొందిన నిపుణుడు, లెక్క కట్టిన దూలం, పరీక్షించిన సామాను లేకుండా మనిషిని నేల నుంచి పైకి లేపకూడదు. ఒక అడుగైనా సరే. "కొంచెం ఎత్తే కదా" అనే మాట నమ్మకండి. మా తమ్ముడు పడింది కూడా ఆరడుగులే.

అయితే తెరలు, మైకు సెట్లు, లైట్లు మనం ఎలాగూ కడతాం. వాటికి కూడా పై లెక్కలే వర్తిస్తాయి. అందుకని ఇవి పాటించండి:

1. ఏది వేలాడదీసినా కింద ఎవరూ కూర్చోకుండా, నిలబడకుండా చూడాలి.
2. అడ్డతాడును బిగించి బరువు వేయకూడదు. వీలైతే పై దూలానికి నిలువుగా కట్టాలి.
3. బట్టలారేసిన తాడు, బావిలో నానిన తాడు, ముళ్ళు పడిన తాడు వాడకూడదు.
4. బరువైన వాటికి రెండో తాడు లేదా గొలుసు విడిగా, వదులు లేకుండా ఇంకో చోట కట్టాలి.
5. ముందు రెట్టింపు బరువున్న ఇసుక మూటతో పరీక్షించాలి. పరీక్షించాక ఏదైనా మార్చితే మళ్ళీ మొదటి నుంచి పరీక్షించాలి. మేము తప్పింది ఇక్కడే. రిహార్సల్ ఒక తాడుతో చేశాం, నాటకం ఇంకో బిగువుతో ఆడాం.
6. ఒకరు కట్టాలి, ఇంకొకరు చూడాలి. లాగమనే మాట ఒక్కరే చెప్పాలి. "ఆపు" అనే మాట మాత్రం ఎవరైనా చెప్పవచ్చు. చిన్న తమ్ముడు చెప్పినా ఆపాలి.
7. వార్డెన్ సార్‌కు తెలియకుండా ఏదీ కట్టకూడదు.

తాడు లేకుండా ఎగిరే జటాయువు

"అయితే మా జటాయువు నడుచుకుంటూ రావాల్నా?" అని మీరు అడుగుతారు. అక్కర్లేదు. మన తోలుబొమ్మలాట వాళ్ళను తలచుకోండి. నిమ్మలకుంట బొమ్మలు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ రామాయణంలో హనుమంతుడు సముద్రం దాటడానికి మనిషి బరువు మోసే తాడు అవసరం లేదు. తెల్ల తెర, దాని వెనక వెలుగు ఉంటే చాలు.

వేదిక వెనక భాగంలో తెల్ల దుప్పటి ఒకటి ముడతలు లేకుండా కట్టండి. దానికి 4 మీటర్ల వెనక సెల్‌ఫోన్ టార్చి ఒకటి పెట్టండి. వెలుగు ఒక చుక్క నుంచి వస్తుంది కాబట్టి నీడ స్పష్టంగా పడుతుంది. అట్టతో ఒక అడుగు వెడల్పు జటాయువును కత్తిరించి, రెక్కలకు దారం కట్టి, సన్న పుల్లకు అతికించండి. దాన్ని టార్చికి అర మీటరు దూరంలో ఆడించండి. నీడ ఎంత పెద్దదవుతుంది? తెర దూరాన్ని బొమ్మ దూరంతో భాగించండి: 4 ÷ 0.5 = 8 రెట్లు. ఒక అడుగు బొమ్మ ఎనిమిది అడుగుల పక్షి అవుతుంది! బొమ్మను మెల్లగా తెర వైపు జరిపితే పక్షి చిన్నదవుతూ దూరం పోయినట్టుంటుంది. టార్చి వైపు తెస్తే మీదికి దూసుకొస్తున్నట్టుంటుంది. మేము హైదరాబాదులో మా గదిలో చేసి చూశాం. పక్క గదివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు.

నీడలో యుద్ధం అయిపోయి రెక్క తెగగానే (రెక్క దారాన్ని వదిలేయడమే) లైటు ఆర్పండి. లైటు వేసేసరికి వేషం వేసిన జటాయువు వేదిక మీద పడి ఉండాలి. మధ్యలో ఎవరూ ఎక్కడినుంచీ పడరు. ఒక్క జాగ్రత్త: తెర దగ్గర కిరోసిన్ దీపం, కొవ్వొత్తి పెట్టకండి. బట్టకు నిప్పు అంటుకుంటుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మబ్బులు, గుట్టలు గీసిన పొడవాటి గుడ్డను ఇద్దరు అటూ ఇటూ నిలబడి కర్రలకు చుట్టుకుంటూ పోవాలి. దాని ముందు, గుట్ట బొమ్మ అట్ట వెనక, జటాయువు గట్టి బల్ల మీద నిలబడి రెక్కలు ఆడించాలి. మబ్బులు వెనక్కి పోతుంటే పక్షి ముందుకు పోతున్నట్టే ఉంటుంది. రైల్లో కూర్చుని చెట్లు పరుగెడుతున్నాయనుకుంటాం కదా, అదే సూత్రం. దాన్ని సాపేక్ష చలనం అంటారు. పదకొండో తరగతిలో చదువుతారు.

ఒక మాట మిగిలింది

ప్రమాదం జరిగిన మర్నాడు విచారణ జరిగింది. తాడు ఎవరిచ్చారని అడిగారు. నిజానికి మేము కామాటి బాబాయిని అడిగితే "వద్దు బిడ్డా, అది కుళ్ళిన తాడు" అన్నాడు. రాత్రి ఆయన పడుకున్నాక మేమే విప్పుకున్నాం. విచారణలో మేము నోరు విప్పలేదు. చివాట్లు ఆయన తిన్నాడు. పరీక్షలు దగ్గర పడ్డాయి, హాస్టల్ నుంచి పంపిస్తారేమో, చదువు ఆగిపోతుందేమో అని భయపడ్డాం. ఆ భయం నిజమే. కాని ఆయన ఉద్యోగం పోయే అవకాశం కూడా అంతే నిజం. ఆయన ఇప్పుడు రిటైర్ అయ్యాడు. పోయిన దసరాకు వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాం. "నాకప్పుడే తెలుసు బిడ్డా" అన్నాడు. ఈ సంచికలో అందరి ముందు చెప్పాలని ఇది కూడా రాస్తున్నాం. ప్రమాదం జరిగితే దాచకండి. ఎక్కడ తప్పు జరిగిందో చెప్తేనే రెండోసారి జరగదు. మేము అప్పుడే చెప్పి ఉంటే, ఈసారి మీరు మాకు ఫోన్ చేసి తాడు ఎలా కట్టాలని అడిగి ఉండేవాళ్ళు కాదు.

చెయ్యి విరిగిన తమ్ముడు ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు. కుడి మణికట్టు పూర్తిగా తిరగదు. అతన్ని అడిగాకే ఈ వ్యాసం రాశాం. "రాయండన్నా, నీడ ఆట ఏస్తే టార్చి నేను పట్టుకుంట" అన్నాడు. వార్షికోత్సవానికి వస్తున్నాడు. మీరే పరిచయం చేసుకోండి.

మీరే లెక్క కట్టండి

1. 6 మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాలకు కట్టిన తాడు మధ్యలో 12 కిలోల మైకు పెట్టె వేలాడుతోంది. కుంగు 30 సెంటీమీటర్లు. తాడులో లాగుడు ఎంత?
2. 40 కిలోల మనిషి 90 డిగ్రీల నుంచి ఊగి కిందికి వచ్చినప్పుడు తాడు మీద లాగుడు ఎంత?
3. తెరకు టార్చికి మధ్య 3 మీటర్లు. 20 సెంటీమీటర్ల బొమ్మ టార్చికి అర మీటరు దూరంలో ఉంది. నీడ ఎంత?

జవాబులు: 1) సుమారు 60 కిలోలు. 2) 120 కిలోలు. 3) 120 సెంటీమీటర్లు.

హాస్టల్ తమ్ముళ్ళందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థులు